ఉక్కు స్తంభం ఉండగా ఒంటరి రాగిపట్టీ ఎందుకు?

సంపాదకులకు,

ఉక్కు చట్రంతో కట్టిన ఫ్యాక్టరీ షెడ్డుకు పిడుగు రక్షణ అనగానే, కప్పు మీద కడ్డీ నిలబెట్టి, దాని నుంచి ఒకే ఒక రాగిపట్టీని గోడ వెంబడి స్తంభాలకు ఎక్కడా తగలనివ్వకుండా దింపి, విడిగా తవ్విన ఎర్త్ గుంతలో కలిపి చేతులు దులుపుకోవడం చాలాచోట్ల చూస్తున్నాను. ఆ 'తగలనివ్వకపోవడమే' ప్రమాదమని విద్యుత్ పనుల్లో ఉన్నవాడిగా మనవి చేస్తున్నాను.

పిడుగులో 30 వేల ఆంపియర్ల ప్రవాహం మామూలే. అరుదైన వాటిలో అది 2 లక్షలకు చేరుతుంది. అయితే పరిమాణం కన్నా అది పెరిగే వేగంతోనే ఎక్కువ చిక్కు. మీటరు పట్టీకి సుమారు 1 మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ (ప్రవాహంలో మార్పును అడ్డుకునే గుణం) ఉంటుంది కనుక, ప్రవాహం మైక్రోసెకనుకు 50 కిలోఆంపియర్ల చొప్పున పెరిగితే 10 మీటర్ల పట్టీ పొడవునా 5 లక్షల వోల్టులు ఏర్పడతాయి. పక్కనే ఉన్న స్తంభంలోకి పిడుగు దూకడానికి అంతకన్నా ఏం కావాలి? అదే ప్రవాహాన్ని స్తంభాలన్నీ పంచుకుంటే ఒక్కోదాని వాటా తగ్గుతుంది, లోపలి యంత్రాలకు తగిలే దెబ్బా తగ్గుతుంది. పిడుగు రక్షణకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఇసి 62305 కూడా, విద్యుత్ పరంగా తెగకుండా కలిసి ఉన్న ఉక్కు చట్రాన్నే దింపుడు వాహకంగా (పిడుగును నేలకు చేర్చే దారిగా) వాడుకోనిస్తుంది.

ఆ 'తెగకుండా' అన్న మాట దగ్గరే పని చెడుతోంది. స్తంభం కింది బేస్ ప్లేటుకూ పునాదికీ నడుమ గ్రౌటు (సందు నింపే సిమెంటు మిశ్రమం) ఉంటుంది. స్తంభాన్ని పునాదికి బిగించే యాంకర్ బోల్టులు పునాదిలోని ఉక్కు ఊచలకు తగిలాయో లేదో ఎవరూ చూడరు. నిజానికి తేమను పట్టి ఉంచే కాంక్రీటులోని ఊచలు చక్కని ఎర్త్ అవుతాయని, రెండో ప్రపంచ యుద్ధ కాలంలోనే అమెరికా ఇంజినీరు హెర్బర్ట్ యూఫర్ అరిజోనా ఎండునేలల్లోని ఆయుధ గిడ్డంగుల దగ్గర నిరూపించాడు. (పునాది కింద ప్లాస్టిక్ షీటు పరిస్తే మాత్రం ఆ మేలు పోతుంది.) బోల్టులను ఊచలకు వెల్డింగుతోనో క్లాంపుతోనో కలపాలి, అదీ కాంక్రీటు పోయకముందే. ఆ అవకాశం దాటిపోయిన కట్టడాలకు, గోడలకు మీటరు దూరాన, అర మీటరు లోతున చుట్టూ వాహకం పూడ్చి స్తంభాలను దానికి కలపాలి. ఆ వాహకం రాగిదో స్టెయిన్‌లెస్ స్టీలుదో కావడం మేలు. గాల్వనైజ్డ్ (జింకు పూత ఉన్న) పట్టీ కాంక్రీటులోని ఉక్కుతో కలిస్తే మట్టిలో త్వరగా తుప్పు పట్టి తరిగిపోతుంది.

కంట్రోల్ ప్యానెళ్లకు మిగతా ఎర్త్‌తో కలవని 'శుభ్రమైన' ఎర్త్ వేరుగా కావాలని యంత్రాల సరఫరాదారులు పట్టుబట్టడం మరో తలనొప్పి. పిడుగు పడ్డ క్షణాన ఆ రెండు ఎర్త్‌ల మధ్య వచ్చే తేడా వోల్టేజీ ఎలక్ట్రానిక్ కార్డుల మీదే పడుతుంది. ఎర్త్‌లన్నిటినీ ఒకటిగా కలిపి, కేబుళ్లు లోపలికి వచ్చేచోట సర్జ్ రక్షణ పరికరాలు (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీని అదుపు చేసేవి) పెట్టడమే దీనికి మందు.

తనిఖీలో ఎర్త్ నిరోధం కొలిచే మీటరు 10 ఓంల లోపు చూపితే చాలనుకుంటున్నారు. తక్కువ ఫ్రీక్వెన్సీలో తీసిన ఆ రీడింగు, పిడుగు వేగానికి పట్టీ ఎలా స్పందిస్తుందో చెప్పదు. కాంక్రీటు పోయకముందు తీసిన ఊచల ఛాయాచిత్రాలను, కప్పు నుంచి పునాది దాకా కొలిచిన కంటిన్యుటీ (విద్యుత్ దారి తెగలేదని చూపే) రీడింగులను కూడా తనిఖీ నివేదికకు జతచేయాలన్న నిబంధన పెట్టాలని అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విద్యుత్ ఇంజినీరు