లంకావి వెళ్లేముందు, షమ్మూకి

అస్సలాము అలైకుమ్ షమ్మూ తల్లీ,

ఫోన్లో చెబితే "సరే నాన్నా, సరే నాన్నా" అని పెట్టేస్తావని కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపుతున్నాను. అన్నం తిన్నాక తీరిగ్గా చదువు.

ఇక్కడ అందరం క్షేమం. నానమ్మకు కొత్త కళ్లద్దాలు వచ్చాయి, అక్షరాలు బాగా కనిపిస్తున్నాయని పొద్దున్నే ఖురాన్ పట్టుకుని కూర్చుంటోంది. అమ్మ మోకాలు నొప్పి అలాగే ఉంది, డాక్టర్ మెట్లు ఎక్కొద్దన్నా వినదు. జానీ మొన్న వచ్చాడు. నువ్వు జనవరిలో మలేషియాలోని లంకావి దీవికి వెళ్తున్నావని, ఒక్కదానివే అని, సెలవు కూడా పెట్టేశావని మాటల్లో చెప్పాడు. మాకు తెలిసే ఉంటుందనుకుని చెప్పాడు, వాణ్ని ఏమీ అనకు.

వెళ్లొద్దనడానికి రాయడం లేదు. ముందే చెబుతున్నాను, ఈ మాట గుర్తుపెట్టుకుని మిగతాది చదువు. లంకావి నాకు తెలిసిన చోటే. పెనాంగ్‌లో పనిచేసేటప్పుడు, 1998లో, ఫెర్రీ ఎక్కి వెళ్లాను. అప్పటికి కొండ మీదికి కేబుల్ కార్ లేదు, ఇంతమంది జనమూ లేరు. ఊపిరి పీల్చుకోవడానికి అంతకంటే మంచి చోటు ఆ చుట్టుపక్కల లేదని నా నమ్మకం. 2007లో యునెస్కో వాళ్లు దాన్ని జియోపార్క్‌గా, అంటే పాతకాలపు రాళ్లూ కొండలూ కాపాడుకోవాల్సిన చోటుగా గుర్తించారు. మచించాంగ్ కొండ రాళ్ల వయసు 50 కోట్ల ఏళ్లకు పైమాటే. నెల కూడా మంచిదే ఎంచుకున్నావు. అక్కడ సెప్టెంబర్, అక్టోబర్లలో వానలు దంచుతాయి, డిసెంబర్ నుంచి మార్చి దాకా పొడిగా ఉంటుంది.

ఒక్కదానివే ఎందుకు అని మాత్రం మనసులో తిరుగుతూనే ఉంది. రుబీనా ఎప్పుడూ నీతో వచ్చేది కదా. సరే, ఆ సంగతి తర్వాత.

నూర్జహాన్ పిన్నికి ఎవరు చెప్పారో తెలియదు, మహరమ్, అంటే తోడుగా ఇంటి మగవాడు, లేకుండా ఆడపిల్ల సముద్రం దాటి ఎలా వెళ్తుందని అమ్మతో అరగంట మాట్లాడింది. ఉలమాల్లో, మన మత పండితుల్లో, దీని మీద రెండు అభిప్రాయాలు ఉన్నాయి. దారి, చోటు భద్రంగా ఉంటే వెళ్లవచ్చన్నవాళ్లూ ఉన్నారు. నేను నా కూతురిని ఎరుగుదును, ఆ చోటునూ ఎరుగుదును. పిన్నికి నేను జవాబు చెప్పుకుంటాను, నువ్వు ఆ విషయంలో టెన్షన్ పడకు.

తిండి గురించి ఒక మాట. అక్కడ ఎక్కువ మంది మలయ్ ముస్లింలే కాబట్టి ప్రతి హోటలూ హలాలే అనుకోవద్దు. 1987 నుంచి అది డ్యూటీ ఫ్రీ దీవి, మందు చవక, చెనాంగ్ బీచ్ పొడుగునా బార్లు ఉంటాయి. "పోర్క్ లేదు" అని బోర్డు పెట్టినంత మాత్రాన అది హలాల్ అయిపోదు. మాంసం ఎక్కడిది, ఎవరు కోశారు అన్నది వేరే ప్రశ్న. జాకిమ్ అని అక్కడి ప్రభుత్వ ఇస్లామిక్ శాఖ, వాళ్ల హలాల్ గుర్తు అద్దం మీదో కౌంటర్ దగ్గరో ఉంటుంది, అది చూసుకో. లేకపోతే తలకు గుడ్డ కట్టుకున్న మలయ్ ఆడవాళ్లు నడిపే చిన్న దుకాణాల్లో తిను. వాళ్లను "మక్ చిక్" అని, అంటే పిన్నీ అని పిలువు, పెద్దవాళ్లను అలా పిలిస్తే ఆప్యాయంగా వడ్డిస్తారు. సాయంత్రం సంతలు రోజుకో చోట పెడతారు, ఈ రోజు ఎక్కడ పెడతారో హోటల్లో అడుగు. కాల్చిన చేప తిను, అమ్మ వండినంత కారం ఉండదు. చిల్లర రింగిట్లు దగ్గర పెట్టుకో. శుక్రవారం జుమా వేళకు చాలా దుకాణాలు మూసేస్తారు, ముందే తినేసెయ్యి. ఈ మధ్య సరిగ్గా తింటున్నావా? వీడియోలో చెంపలు లోపలికి పోయినట్టు అనిపించింది, అమ్మకు కూడా.

నమాజుకు మక్కా దిక్కు చూపే ఖిబ్లా బాణం హోటల్ గది పైకప్పు మీదనో డ్రాయర్ లోపలో అంటించి ఉంటుంది. మనకు లాగే పడమర వైపే, ఇంకాస్త ఉత్తరానికి. గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు, కానీ సూర్యుడు ఆలస్యంగా లేస్తాడు, ఏడు దాటాక గానీ వెలుతురు సరిగ్గా రాదు. ఇక్కడి అలవాటు ప్రకారం చీకటి ఉంది కదా అని ఫజ్ర్ నమాజు వేళను అంచనా వెయ్యకు, అక్కడి టైమింగులు చూసుకో. ప్రయాణంలో నాలుగు రకాతుల నమాజు రెండుగా చదివే వెసులుబాటు అల్లాహ్ ఇచ్చాడు, దాన్ని వాడుకో.

ఇక కిలిమ్ గురించి. అక్కడికి తప్పకుండా వెళ్లు. మడ అడవుల మధ్యగా నది, రెండు పక్కలా నిలువుగా లేచిన సున్నపురాయి కొండలు. మేం వెళ్లిన రోజు మా బోటు నడిపినాయన్ని పాక్ చిక్, అంటే బాబాయి, అనేవాళ్లం. పెద్దాయన, మాట తక్కువ. పెద్ద కాలువలోంచి ఒక చిన్న పాయలోకి తిప్పాడు, కొండముచ్చులు చూపిస్తానని. కళ్ల చుట్టూ సున్నంతో గీసినట్టు తెల్లటి వలయాలుంటాయి వాటికి. చూశాం కూడా. తిరిగి వస్తుంటే ఎవరో వదిలేసిన వల ముక్క ప్రొపెల్లర్‌కు చుట్టుకుని ఇంజన్ ఆగిపోయింది. పాక్ చిక్ వంగి కత్తితో కోస్తూనే ఉన్నాడు, ఈలోగా ఆటుకు నీళ్లు తీసేశాయి. చూస్తుండగానే బోటు అడుగు బురదలో కూర్చుంది. మడచెట్ల వేళ్లు నీళ్లలోంచి బయటపడ్డాయి, వాటి మధ్య బురదలో చిన్న చిన్న బొక్కలు, బొక్కకో పీత. ఒక చెయ్యి ఒంటికంటే పెద్దది, దాన్ని పైకీ కిందికీ ఊపుతూ నిలబడతాయి. పక్కనే చేపలు బురద మీద గెంతుతున్నాయి, నీళ్లలో కాదు, బురద మీద. నాతో వచ్చిన శీనయ్య బెంగపడ్డాడు, ఇక్కడే రాత్రి అయిపోతుందని. ఫోన్లు లేని రోజులు. పాక్ చిక్ మాత్రం నిదానంగా ఉప్పునీళ్లతోనే చేతులూ మొహం కడిగి వుజూ చేసి, బోటులో కూర్చునే సాయంత్రపు అసర్ నమాజు చదువుకున్నాడు. చదివాక "నా భార్యకు తెలుసు" అన్నాడు, అంతే. ఏం తెలుసో మాకు అర్థం కాలేదు. చాలాసేపటికి పోటు ఎక్కుతుండగా ఇంకో బోటు చప్పుడు వినిపించింది. అందులో ఆయన బావమరిది. సంగతేమిటంటే, పొద్దున్న బయల్దేరేటప్పుడు ఏ పాయలోకి వెళ్తాడో, ఏ వేళకు తిరిగి వస్తాడో ఆయన ఇంట్లో చెప్పి వెళ్తాడట, ప్రతి రోజూ. వేళ దాటగానే ఆవిడ తమ్ముణ్ని పంపింది. వెతకాల్సిన పని కూడా లేకుండా సూటిగా మా దగ్గరికి వచ్చాడు. ఒడ్డుకు చేరాక ఆవిడ మాకు టీ ఇచ్చింది, భర్తను ఒక్క మాట కూడా అనలేదు.

శీనయ్య ఇప్పటికీ ఎక్కడ కలిసినా ఆ పీతల గురించే మాట్లాడతాడు. నాకు మాత్రం ఆవిడే గుర్తు. అందుకే అడుగుతున్నాను, ఏ రోజు ఎక్కడికి వెళ్తున్నావో రోజూ ఒక ముక్క పంపు. నాకు కాకపోతే జానీకి పంపు. నీ వెంట పడడానికి కాదమ్మా.

బోటు నలుగురితో కలిసి ఎక్కే షేరింగ్‌ది తీసుకో, చవకా, తోడూ. గరుడ పక్షులకు కోడి తోలు విసిరి రప్పిస్తామంటే వద్దను, వాటి వేట అలవాటు చెడుతుంది, మామూలుగా ఎగిరేటప్పుడే చూడు. సముద్రంలో దిగేముందు అక్కడివాళ్లను అడుగు. బాక్స్ జెల్లీ ఫిష్ ఉంటాయి, ప్రాణం మీదికి తెస్తాయి. నీ ఒళ్లంతా కప్పే ఈత బట్టలు ఉన్నాయి కదా, అవే మంచిది, పర్దాకూ దానికీ పనికొస్తాయి. కుడితే రుద్దకూడదు, మంచినీళ్లు పొయ్యకూడదు, వెనిగర్ పోసి ఆస్పత్రికి వెళ్లాలి. ఒక్కదానివే ఈత కొట్టొద్దు, ఈ ఒక్కటి నా మీద ఒట్టు. తెలాగా తుజు జలపాతం దగ్గర కోతులు సంచి లాక్కుంటాయి. ఇంటర్నేషనల్ పర్మిట్ లేకుండా స్కూటర్ అద్దెకు తీసుకోకు. మలేషియాలో దిగడానికి ముందు మూడు రోజుల్లోపు అక్కడి డిజిటల్ అరైవల్ కార్డ్ ఆన్‌లైన్లో నింపాలి. ఇన్సూరెన్స్ తీసుకో. అక్కడ ఎమర్జెన్సీ నంబర్ 999.

విశ్రాంతికి వెళ్తూ రోజుకు నాలుగు చోట్లు పెట్టుకోవద్దు. నీ సంగతి నాకు తెలుసు, ఎక్సెల్ షీట్ వేసి ఉంటావు. చెనాంగ్‌లో గోల, దానికి దక్షిణంగా తెంగా బీచ్ కాస్త నెమ్మది. ఉత్తరాన తంజుంగ్ రూ ఇంకా ప్రశాంతం, సరుగుడు చెట్లు, వెడల్పాటి ఇసుక, కాకపోతే అక్కడ ఖర్చెక్కువ, తిండి దుకాణాలు తక్కువ. ఒకే చోట దిగి కిలిమ్‌కు ఒక పూట, గాలి లేని రోజు కేబుల్ కార్‌కు ఒక పూట ఇవ్వు. ఉరుములొస్తే దాన్ని ఆపేస్తారు, అప్పుడు పట్టుబట్టి లైన్లో నిలబడకు. మిగతా పూటలు ఖాళీగా ఉంచు. ఏమీ చెయ్యకుండా కూర్చో. నిద్ర పడితే పడుకో.

నిద్ర సరిగ్గా పడుతోందా తల్లీ? ఆ సంబంధం వాళ్ల మాట ఎత్తనని అమ్మకు మాటిచ్చాను. వాళ్లు ఫోన్ చేసిన దగ్గర్నుంచి నువ్వు తగ్గిపోయావు. మాటా, నవ్వూ, ఫోనూ అన్నీ. నీకు ఒంటరిగా ఉండాలనిపిస్తే అది తప్పు కాదు. బాధను మోసుకుని వెళ్తున్నావా, హాయిగా వెళ్తున్నావా అన్నదొక్కటే తెలియాలి నాకు. బాధతోనే అయినా వెళ్లు. కానీ మాకు తెలియకుండా బాధపడొద్దు. ఆ సంబంధం గురించి ఇంట్లో ఎవరూ నిన్ను ఒక్క మాట అనరు, నానమ్మతో సహా, నేను మాట్లాడాను.

ఎముకలు చల్లబడే ఏసీలు ఉంటాయి అక్కడ, అమ్మ అల్లిన ఆకుపచ్చ శాలువా తీసుకెళ్లు. దోమల మందు, ఇసుక ఈగలకు రాసుకునే నూనె, నీ మైగ్రేన్ మాత్రలు చేతి సంచిలో పెట్టుకో, పెద్ద సూట్‌కేసులో కాదు. పాస్‌పోర్ట్ కాపీ నాకు పంపు. హోటల్ పేరు, ఫ్లైట్ నంబర్ ఈ రాత్రికే పంపు. ఆదివారం అసర్ తర్వాత ఫోన్ చేస్తాను. అమ్మ పక్కనే ఉంటుంది, స్పీకర్ పెట్టను, ముందు నాతో మాట్లాడు.

దువాలతో,
నాన్న

తాజా కలం: అమ్మ ఇప్పుడే వచ్చి చూసింది. చెప్పులు రెండు జతలు పెట్టుకోమంది, తడిసినవి వేసుకుంటే నీకు కాళ్లు పగులుతాయట.