పందికి పెట్టిన తీగ, మనిషికి పాతిన మందు

సంపాదకులకు,

లిథువేనియా, లాత్వియా, ఎస్టోనియా, ఫిన్లాండ్, పోలాండ్ మందుపాతరల నిషేధ ఒప్పందం (ఒట్టావా ఒప్పందం) నుంచి తప్పుకుంటున్నట్టు 2025లో తేల్చి చెప్పాయి. పక్కన రష్యా ఉందన్న భయం వాళ్ళది. ఆ భయాన్ని కొట్టిపారేయలేం. కానీ దాన్ని చూపించి మనం కూడా నిషేధం ఊసెత్తనక్కర్లేదు అనుకుంటే అంతకన్నా పొరపాటు ఉండదు.

ఈ విషయంలో న్యాయమేదో మన పల్లెల్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. అడవిపందులు చేను తొక్కేస్తున్నాయని రాత్రిపూట గట్టు చుట్టూ కరెంటు తీగ లాగుతారు. తెల్లారకముందే నీళ్ళు కట్టడానికి వెళ్ళిన పక్క చేను రైతు దానికి తగిలి చనిపోతాడు. "పంది కోసం పెట్టాను గానీ మనిషి కోసం కాదు" అంటే ఊరు ఒప్పుకోదు, పోలీసులూ ఒప్పుకోరు, కేసు కడతారు. తగిలేదెవరో చూడకుండా చావుని అక్కడ పెట్టి ఇంటికెళ్ళి పడుకోవడమే నేరం. మనిషి కోసం పాతే మందుపాతర చేసేదీ ఇదే. తీగకైతే పొద్దున్నే కరెంటు తీసెయ్యొచ్చు. పాతరకి ఆ వీలు కూడా లేదు.

తుపాకీ పట్టినవాడు ఎదుటివాడిని చూస్తాడు, చేతులెత్తితే ఆగగలడు. పాతరను పేల్చేది మాత్రం తొక్కినవాడి కాలే. ఒట్టావా ఒప్పందం సరిగ్గా ఇక్కడే గీత గీసింది. మనిషి తొక్కినా, తగిలినా, దగ్గరికొచ్చినా దానంతటదే పేలేదాన్ని నిషేధించింది. కాపు కాసి చేత్తో పేల్చేది ఆ నిషేధం కిందికి రాదు. 1997 డిసెంబరులో సంతకాలయ్యాయి, 1999 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. అందులో చేరిన 160కి పైగా దేశాలు తమ గోదాముల్లోని 5.5 కోట్లకు పైగా పాతరలను నాశనం చేశాయి. మనం చేరలేదు. పాకిస్తాన్, చైనా, రష్యా, అమెరికా కూడా చేరలేదు.

మన సైన్యం దగ్గరున్న ఎం-14 రకాన్నే తీసుకోండి. అమెరికా నమూనా, ప్లాస్టిక్ డొప్ప, అరచేతిలో ఇమిడిపోతుంది. మొత్తం బరువు 100 గ్రాములుంటే అందులో పేలుడు మందు 29 గ్రాములే. 9 నుంచి 16 కిలోల బరువు పడితే చాలు. ఒకటో తరగతి పిల్ల అంతకన్నా బరువుంటుంది. ఇది చంపడానికి కాదు, పాదం తీసేయడానికి చేసింది. మట్టి, చెప్పు ముక్కలు, ఎముక తునకలు కండలోకి పైదాకా ఎక్కుతాయి, కుళ్ళు ఆపడానికి ఇంకా పైన కోయాల్సి వస్తుంది. పెద్దవాళ్ళకి మూడు నుంచి ఐదేళ్ళకోసారి కొత్త కృత్రిమ కాలు కావాలి. పెరిగే పిల్లలకైతే ఆరు నెలలకోసారి. కూలికెళ్ళే ఇంట్లో అది ఎన్నిసార్లు జరుగుతుందో మీరే ఊహించండి.

ఇక తీయడం. మందుపాతరల వాడకానికి హద్దులు పెడుతూ 1996లో సవరించిన మరో ఒప్పందంలో మన దేశం ఉంది. లోహాన్ని పసిగట్టి కూసే డిటెక్టరుకి అందేలా ప్రతి పాతరలో కనీసం 8 గ్రాముల ఇనుము ఉండాలని దాని నియమం. మంచిదే. కానీ మన గరువు నేలలాంటి ఎర్రమట్టిలో ఇనుము పాలు ఎక్కువైతే మట్టే కూత పెట్టిస్తుంది. మేకు, సీసా మూత, పాత తూటా, దేనికైనా అదే కూత. కూసిన ప్రతిచోటా మనిషి బోర్లా పడుకుని సన్నని ఊచని దాదాపు 30 డిగ్రీల వాలులో, రెండేసి సెంటీమీటర్ల ఎడంతో గుచ్చుకుంటూ పోవాలి. నిలువుగా గుచ్చితే పైమూత మీద పడి పేలుతుంది, అందుకే పక్కనుంచి తడమాలి. రోజంతా చేస్తే తేలేది కొన్ని పదుల చదరపు మీటర్లు. పాతడానికి మూడు డాలర్ల సరుకు చాలు, తీయడానికి 300 నుంచి 1000 డాలర్లు. వరదకు జరిగిపోతే పాతినవాడి పటం కూడా పనికిరాదు. 2001-02లో పాకిస్తాన్ సరిహద్దుకి సైన్యాన్ని తరలించిన ఆపరేషన్ పరాక్రమ్ సమయంలో అక్కడి పొలాల్లో పాతినవి పాతేటప్పుడూ, తీసేటప్పుడూ మన జవాన్లకే తగిలాయి. సైన్యానికి ఇంతమంది బిడ్డల్ని పంపే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు ఈ మాట గట్టిగా అడగాలి.

సరిహద్దు కాపాడుకోవద్దా అంటారు. 1940 తర్వాతి 26 యుద్ధాలను పరిశీలించి అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ 1996లో చెప్పిందేమిటంటే, వీటివల్ల సైన్యానికి కలిగిన మేలు స్వల్పమని. 2023లో ప్రపంచంలో వీటివల్ల, పేలకుండా మిగిలిన మందుగుండు వల్ల చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు 5,757 మంది. నూటికి 84 మంది సామాన్యులే. యుద్ధం అయిపోయాక నిద్రపోతున్నవాళ్ళని నరికి, కడుపులోని బిడ్డ మీదికి అస్త్రం వదిలిన అశ్వత్థామని మన పెద్దలెవరూ వీరుడనలేదు. కంబోడియాలో యుద్ధం ముగిశాక పుట్టిన పిల్లలు కూడా పాతర తొక్కారు.

మన ఎంపీలను కోరేది పెద్దదేం కాదు. ఐక్యరాజ్యసమితిలో ఏటా ఈ ఒప్పందంపై ఓటింగు జరిగినప్పుడు భారత్ తటస్థంగా ఉంటోంది. ఒక్కసారి అనుకూలంగా వేయమనండి. వీటి తయారీ ఆపమనండి.

ఇక మన కొండల సంగతి. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు అడవుల్లో మావోయిస్టులు పాతినవాటికీ ఇదే న్యాయం వర్తిస్తుంది. కాలిబాటలో తొక్కుడు మీట పెడితే పోలీసా, కొండచీపుర్లకి వెళ్ళిన ఆడమనిషా అని అది అడగదు. ఎవరైనా లొంగిపోతే ముందు అడగాల్సింది ఎక్కడెక్కడ పాతారనే. ఆ జాబితా ఫైల్లో ఉండిపోకుండా అటవీ శాఖకీ, పంచాయతీలకీ చేరాలి. అడ్డాకులకి వెళ్ళేవాళ్ళకి సంతల్లో చాటింపు వేయించాలి: బాటపక్క కొత్తగా తవ్విన మట్టి, పైకి తేలిన వైరు, స్టీలు క్యానో టిఫిన్ బాక్సో కనిపిస్తే ముట్టుకోవద్దు, రాయి విసరొద్దు. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి, దూరంగా బాటకి అడ్డంగా కొమ్మ వేయండి, స్టేషన్‌కి చెప్పండి.

ఒక మాజీ సైనికుడు,
బొబ్బిలి, విజయనగరం జిల్లా