మక్కలని చెప్పిన పంతులమ్మ

సంపాదకులకు నమస్కారం.

సెప్టెంబరు 9, కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం. ఆ రోజు దగ్గరపడితే నాకు మా అమ్మమ్మే యాదికొస్తుంది. హనుమకొండ దగ్గరి పల్లె బడిలో పంతులమ్మ. పుస్తకంలో 'మొక్కజొన్న' అని చదివితే పిల్లలు బిక్కమొహం వేసేవారట. 'మక్కలురా' అనగానే క్లాసంతా నవ్వులేనట. తనిఖీకొచ్చిన సారు తప్పుపడితే, "ఇంటి మాట తీసేస్తే పిల్లగాడు నోరు తెరుస్తడా సారూ?" అని అడిగిందట. (ఇంట్లో మాతోనూ అంతే, ఎదురు చెప్పడానికి మాకు సందు దొరికేది కాదు.)

పోయిన వానాకాలం చనిపోయింది. పదో రోజున వచ్చిన ఒక ఆటో అన్న, ఆమె దిద్దించిన పలకను ఇప్పటికీ దాచుకున్నానని చెప్పాడు. ఈసారి భాషా దినోత్సవం పేజీలో ఊరి బడుల పంతుళ్ల, పంతులమ్మల యాదులకు కొంచెం జాగా ఇవ్వండి.

– ఒక మనుమరాలు, హనుమకొండ