బోర్డు మీది డిగ్రీలు తెలుగులో రాయండి

సంపాదకులకు నమస్కారం,

ఆ మధ్య మా మనవడికి జ్వరమొస్తే దగ్గర్లోని క్లినిక్‌కి తీసుకెళ్లాం. బోర్డు మీద ‘చిన్నపిల్లల వైద్య నిపుణులు’ అని పెద్దక్షరాల్లో ఉంది. మందుల చీటీ మీద మాత్రం ఎంబీబీఎస్ ఒక్కటే. పిల్లాడికి తగ్గిపోయింది, అది వేరే సంగతి.

ఎంబీబీఎస్ అంటే నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. అందులో పిల్లల వార్డుకు దక్కేది కొన్ని వారాలే. ఆపైన పిల్లల వైద్యంలో డీసీహెచ్ అనే డిప్లొమాకు రెండేళ్లు, ఎండీకి మూడేళ్లు పిల్లల వార్డుల్లోనే గడపాలి. ఎండీ తర్వాత అప్పుడే పుట్టిన బిడ్డల వైద్యంలో డీఎం అనే పై కోర్సు చేయాలంటే ఇంకో మూడేళ్లు. ఈ తేడా మామూలు తల్లిదండ్రులకు ఎవరు చెబుతారు?

ఫ్యామిలీ డాక్టర్ సంగతి మరీ విచిత్రం. ఫ్యామిలీ మెడిసిన్‌లో డీఎన్‌బీ అనే మూడేళ్ల పీజీ కోర్సు ఉంది. జనరల్ మెడిసిన్, సర్జరీ, పిల్లల విభాగం, ప్రసూతి అన్నీ తిరిగి నేర్చుకుంటారు. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో ‘ఫ్యామిలీ డాక్టర్’ పేరుతోనే పథకం మొదలైంది. అందులో ఊళ్లకు వచ్చింది మాత్రం ఈ కోర్సు తప్పనిసరి కాని పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) వైద్యులు. వాళ్లను తక్కువ చేయడం లేదు. మా చిన్నప్పుడు ఇంటిల్లిపాదికీ ఎంబీబీఎస్ డాక్టరుగారే దిక్కు, ఆయన చెయ్యి మంచిదని పేరు కూడా.

రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్‌లో కనబడేలా పెట్టాలన్న నిబంధన 2002 నుంచీ ఉంది. దాని పక్కనే డిగ్రీ, ఎన్నేళ్ల శిక్షణ, ఏ విభాగంలో అన్నది తెలుగులో రాయించేలా రెండు రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లు చూడాలి.

– ఒక తాతయ్య, తెనాలి