వసూలు గజాల లెక్కన, రోడ్డు ఏ లెక్కన?

సంపాదకులకు నమస్కారం.

అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేసే ఎల్ఆర్ఎస్ పథకం మాట వచ్చిన ప్రతిసారీ రాయితీ ఎంత, గడువు ఎప్పటిదాకా అన్నదే చర్చ. 2025లో 25 శాతం తగ్గింపు ప్రకటించినప్పుడూ అంతే. కట్టిన సొమ్ముతో ఇంటి ముందు రోడ్డు పడుతుందా అన్న ప్రశ్న వెనక్కి పోతోంది. గ్రేటర్ వరంగల్‌లో కలిసిన 42 విలీన గ్రామాల్లో పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. అసలు ఈ రుసుముకూ రోడ్డు ఖర్చుకూ పొంతన ఉందా అని కాగితం మీద లెక్క వేసి చూద్దాం.

200 గజాల ప్లాటు తీసుకోండి, అంటే 167 చదరపు మీటర్లు. 2020 ఆగస్టులో వచ్చిన జీవో 131 ప్రకారం 100 నుంచి 300 చదరపు మీటర్ల మధ్య ఉన్న ప్లాటుకు చదరపు మీటరుకు రూ.400 చొప్పున మూల రుసుము రూ.66,800. భూమి విలువను బట్టి అందులో కొంత శాతమే కట్టించుకుంటారు. గజం రూ.5,000 ఉన్నచోట 30 శాతం, అంటే రూ.20,040. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ జాగా వదలకపోతే ప్లాటు విలువలో మరో 14 శాతం, అంటే రూ.1,40,000. రెండూ కలిపి రూ.1,60,040. ఇందులో ఎనిమిదింట ఏడు వంతులు వదలని పార్కు కోసం కడుతున్న డబ్బు. ప్లాట్లన్నీ అమ్ముడుపోయి ఇళ్లు లేచాక పార్కుకు జాగా ఎక్కడి నుంచి కొంటారో నాకైతే అర్థం కాదు.

ఇప్పుడు రోడ్డు సంగతి. 36 అడుగుల ముఖం, 50 అడుగుల లోతు ఉన్న ఈ ప్లాటు ముందు 30 అడుగుల రోడ్డు, అందులో సిమెంట్ కాంక్రీటు (సీసీ) అయిదున్నర మీటర్ల వెడల్పు అనుకుందాం. ఎదుటి ప్లాటు సగం భరిస్తుంది కాబట్టి ఈ ప్లాటు వంతు 11 మీటర్ల పొడవున 2.75 మీటర్ల వెడల్పు, అంటే 30 చదరపు మీటర్లు. 150 మిల్లీమీటర్ల మందానికి నాలుగున్నర ఘనపు మీటర్ల కాంక్రీటు చాలు. ఆరు ఘనపు మీటర్లు మోసే కాంక్రీటు లారీ (ట్రాన్సిట్ మిక్సర్)లో ఒక ట్రిప్పు కూడా కాదు. ఘనపు మీటరు రూ.6,000 అనుకున్నా రూ.27,000. కింద అంతే మందాన గ్రావెల్, పక్కన 11 మీటర్ల మోరీ, తవ్వకం, రోలింగ్ వేరే. నల్లరేగడి నేలైతే గ్రావెల్ మందం ఇంకా పెంచాలి. పెంచకపోతే రెండో వానాకాలానికే స్లాబు నిలువునా చీలుతుంది.

లోపం ఇక్కడే ఉంది. రోడ్డు ఖర్చు ప్లాటు ముఖం పొడవును బట్టి, నేల రకాన్ని బట్టి మారుతుంది. రుసుము మాత్రం భూమి ధరను బట్టి మారుతుంది. గజం రూ.3,000 లోపు ఉన్న శివారులో ఇదే ప్లాటుకు మూల రుసుములో 20 శాతమే, అంటే రూ.13,360. దాంతో కాంక్రీటులో సగం కూడా రాదు. గజం రూ.50,000 దాటిన నగరం నడిబొడ్డున నూటికి నూరు శాతం వసూలవుతుంది, అక్కడ రోడ్డు ఎప్పుడో పడి ఉంటుంది. రోడ్డు లేనిచోటే రాబడి తక్కువ. శివారుకు రుసుము పెంచమని నేను అనడం లేదు. ఈ సొమ్మును వేరే ఖాతాలో ఉంచి ఆ ప్రాంత వసతులకే వాడాలని నిబంధనల్లోనే ఉంది కదా, ఖాళీ జాగా పేరిట వచ్చిన సొమ్ములో కొంతైనా ముందు మోరీకి, రోడ్డుకు మళ్లించాలి.

అనుమతి పొందిన లేఅవుట్లలో కథ వేరు. అక్కడ లోపలి రోడ్లు వేయాల్సింది డెవలపరే. హామీగా 15 శాతం ప్లాట్లు అధికారుల దగ్గర మార్టిగేజ్ (తనఖా) పెడతాడు, పనులు పూర్తయ్యాక విడిపించుకుంటాడు. పద్ధతి మంచిదే, చెడేది విడుదల దగ్గర. మార్టిగేజ్ ప్లాట్లను లోతట్టు మూలన, ఎవరూ కొననిచోట చూపిస్తే ఆ హామీకి విలువ ఉండదు. ఇక పనుల వరుస. ముందు డ్రైనేజీ పైపు, మంచినీటి పైపు, ఇంటింటికీ కనెక్షన్ గొట్టం వరకు నేలలోకి పోవాలి. కందకం పూడ్చిన మట్టిని పొరలు పొరలుగా నీళ్లు పెట్టి దిమ్మిస చేయాలి. సీసీ ఆ తర్వాతే. తనిఖీకి కంటికి కనబడేది సీసీయే కనుక అదే ముందు పడుతుంది. ఏడాది తిరక్కుండానే పైపుల కోసం కట్టర్‌తో కోస్తారు, పూడ్చినచోట దిగబడుతుంది, ఆ గుంతకు మళ్లీ ప్రజల డబ్బే. పైన ఇంకో పొర వేస్తే రోడ్డు ఇంటి గడప కంటే ఎత్తు అవుతుంది.

ఒక్కో లేఅవుట్‌నూ విడివిడిగా మంజూరు చేయడం వల్ల పుట్టే చిక్కు మరొకటి. దీని 30 అడుగుల రోడ్డు పక్కదాని ప్రహరీ గోడకు తగులుతుంది, మోరీ కూడా అక్కడే ఆగుతుంది. నీళ్లు పోవడానికి 200 మీటర్లకు ఒక మీటరు వాలు ఇచ్చినా, చివర దారి లేకపోతే ఆ వాలు నీళ్లను ఆఖరి ఇంట్లోకే తెస్తుంది. 2020 ఆగస్టులో, 2023 జులైలో హన్మకొండ, వరంగల్ కాలనీలు మునిగినప్పుడు నాలాల కబ్జాల మీద చాలా మాట్లాడుకున్నాం. నాలా దాకా చేరని మోరీల గురించి ఎవరూ మాట్లాడలేదు.

లేఅవుట్లను కలిపే 60, 80 అడుగుల రోడ్ల భారం ఏ డెవలపర్ మీదా పూర్తిగా పడదు, ఏ ప్లాటు యజమానీ నేరుగా కట్టడు. వాటికి భూమి కావాలి. 2022లో వరంగల్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట ల్యాండ్ పూలింగ్‌కు, అంటే రైతుల భూములు తీసుకుని అభివృద్ధి చేశాక కొంత తిరిగి ఇచ్చే పద్ధతికి, కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ (కుడా) నోటిఫికేషన్ ఇచ్చి, రైతుల వ్యతిరేకతతో వెనక్కి తీసుకుంది. వేల ఎకరాలు ఒకేసారి అడిగితే ఎవరు నమ్ముతారు? అహ్మదాబాద్ 76 కిలోమీటర్ల రింగ్ రోడ్డుకు టౌన్ ప్లానింగ్ స్కీముల దారిలో పోయింది. చిన్న చిన్న ప్రాంతాలుగా విడగొట్టి, రోడ్డుకు పోను మిగిలిన భూమిని అక్కడికక్కడే సర్ది తిరిగి ఇచ్చి, పెరిగిన విలువలోంచి కొంత బెటర్‌మెంట్ కింద తీసుకోవడం అక్కడి పద్ధతి.

వసూలు చేసిన రుసుముకు గడువు ఉండటం కొత్తేమీ కాదు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం 1987లోనే ఇంపాక్ట్ ఫీజుకు, అంటే కొత్త నిర్మాణాల వల్ల పెరిగే వసతుల ఖర్చు కోసం కట్టించుకునే రుసుముకు, చట్టం చేసింది. ఏ పనికి కట్టించుకున్నారో ఆ పనికి పదేళ్లలోగా ఖర్చు చేయకపోతే వడ్డీతో తిరిగి ఇవ్వాలి. మనకు పదేళ్లు ఎందుకు, అయిదు చాలు.

కార్పొరేషన్, కుడా అధికారులు వెంటనే చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. ఏ సర్వే నంబరు నుంచి ఎంత వసూలైంది, అక్కడ ఎంత ఖర్చయింది అన్న పట్టికను వార్డు ఆఫీసు గోడ మీద అంటించాలి. డెవలప్‌మెంట్, బెటర్‌మెంట్ ఛార్జీల్లో లింకు రోడ్ల వాటాను వేరు పద్దుగా చూపాలి. మార్టిగేజ్ విడుదలకు ముందు మోరీ చివర ఎక్కడ కలుస్తుందో ఫొటో, సీసీలోంచి గుండ్రటి ముక్క కోసి తీసి (కోర్ కట్) కొలిచిన మందం, కాంక్రీటు గట్టిదనం చూసే 28 రోజుల క్యూబ్ పరీక్ష ఫలితం, ఈ మూడూ ఫైల్లో ఉండాలి. వాటి నకలు కాలనీ కమిటీకి ఇచ్చి, అభ్యంతరాలకు పదిహేను రోజులు గడువు పెట్టాకే సంతకం చేయాలి.

– ఒక విశ్రాంత టౌన్ ప్లానింగ్ ఉద్యోగి, హన్మకొండ