తిరుగు ప్రయాణం రోజుకూ కాస్త చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

సెలవులు వస్తున్నాయంటే చాలు, విదేశీ యాత్రల మీద పత్రికల్లో పేజీలకు పేజీలు వస్తాయి. ఏం చూడాలి, ఎక్కడ తినాలి అన్నీ ఉంటాయి. చివరి రోజుకొచ్చేసరికి ‘హోటల్ ఖాళీ చేసి విమానాశ్రయానికి బయల్దేరుట’ అని ఒక్క ముక్కతో సరిపెడతారు. టూర్ కంపెనీలు చేతికిచ్చే కాగితంలోనూ అంతే. డబ్బు పోగొట్టుకోవడానికీ, విమానం తప్పిపోవడానికీ ఎక్కువ అవకాశం ఉండేది ఆ రోజే. మనవాళ్లు ఇష్టంగా వెళ్లే సింగపూర్‌నే ఉదాహరణగా తీసుకుంటాను.

ముందు తేదీ సంగతి. టికెట్ మీద 15వ తేదీ 00:40 అని ఉంటే, 14వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకల్లా చాంగీ విమానాశ్రయంలో ఉండాలి. ‘15 రాత్రి కదా’ అనుకుని 14న హాయిగా పడుకుంటే, లేచేసరికి విమానం చెన్నైలో దిగిపోయి ఉంటుంది. బయల్దేరే వేళకు గంట ముందే చెక్-ఇన్ కౌంటర్లు మూసేస్తారు కూడా.

ఇక జీఎస్టీ వాపసు. అక్కడ 2024 జనవరి నుంచి పన్ను 9 శాతం. వాపసు పథకంలో చేరిన దుకాణంలో కనీసం 100 సింగపూర్ డాలర్ల సరుకు కొంటే పర్యాటకులు ఆ పన్ను వెనక్కి అడగవచ్చు. ఒకే దుకాణంలో అదే రోజు కొన్నవైతే మూడు బిల్లుల వరకు కలుపుకోవచ్చు. 1,090 డాలర్ల బిల్లులో పన్ను 90 డాలర్లు. వాపసు ఇప్పించే ఏజెన్సీ రుసుము పోగా మిగతాది వస్తుంది. వదులుకునే మొత్తమేమీ కాదు. అయితే కొనేటప్పుడే అసలు పాస్‌పోర్ట్ చూపించాలి. జిరాక్స్ గానీ, ఫోన్‌లో ఫొటో గానీ ఒప్పుకోరు. హోటల్ తిండికీ, గది అద్దెకూ వాపసు లేదు. కొన్న రెండు నెలల్లోపు సరుకుతో సహా దేశం దాటాలి.

ఎక్కువమంది దెబ్బతినేది ఆ తర్వాతి మెట్టు దగ్గర. కొన్న వస్తువు పెద్ద సూట్‌కేసులో ఉంటే, దాన్ని కౌంటర్‌లో అప్పగించకముందే చెక్-ఇన్ హాల్లోని ఈటీఆర్‌ఎస్ (పర్యాటకుల పన్ను వాపసు) యంత్రం దగ్గరికి వెళ్లాలి. పాస్‌పోర్ట్ స్కాన్ చేస్తే మన కొనుగోళ్లు తెర మీద కనిపిస్తాయి. కొన్నిసార్లు ‘కస్టమ్స్ కౌంటర్‌లో వస్తువు చూపించండి’ అని వస్తుంది. అప్పటికే సూట్‌కేసు బెల్టు మీద లోపలికి వెళ్లిపోయి ఉంటే ఏం చూపిస్తాం? వాపసు మీద ఆశ వదులుకోవాల్సిందే. చేతి బ్యాగులో ఉన్నవాటికైతే ఇమిగ్రేషన్ దాటాక లోపలా యంత్రాలున్నాయి. చాంగీ 1, 2, 3 టెర్మినళ్లలో భద్రతా తనిఖీ గేటు దగ్గర జరుగుతుంది కాబట్టి, లోపల నింపుకున్న నీళ్ల సీసా కూడా అక్కడ ఖాళీ చేయాలి. పవర్ బ్యాంకు చేతి బ్యాగులోనే ఉండాలి, సూట్‌కేసులో పెట్టకూడదు.

విజయవాడ, రాజమండ్రి వంటి ఊళ్లకు చెన్నైలోనో ఢిల్లీలోనో విమానం మారేవారికి అసలు చిక్కు ఇక్కడికొచ్చాక మొదలవుతుంది. ట్యాగు మీద చివరి ఊరి పేరున్నా, మామూలుగా మన దేశంలో దిగిన మొదటి విమానాశ్రయంలోనే లగేజీ తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ అప్పగించాలి. రెండు ప్రయాణాలూ ఒకే పీఎన్‌ఆర్ (బుకింగ్ నంబరు) మీద ఉంటే మొదటి విమానం ఆలస్యమైనా తర్వాతి దానికి సర్దుతారు. చౌకగా వచ్చాయని విడివిడిగా కొంటే ఎవరికీ బాధ్యత లేదు. పైగా దేశీయ టికెట్‌కు సాధారణంగా 15 కిలోలే ఉచితం. సింగపూర్ నుంచి 30 కిలోలు తెచ్చుకున్నవారు మిగతా 15 కిలోలకు అప్పటికప్పుడు, కిలో లెక్కన కట్టాలి. విడి టికెట్లయితే మధ్యలో నాలుగు గంటలన్నా ఉంచుకోవాలి, అదనపు బరువుకు ముందే ఆన్‌లైన్‌లో కట్టేయాలి.

బంగారం గురించి ఒక అపోహ మరీ బలంగా ఉంది. ఆడవారికి 40 గ్రాములు, మగవారికి 20 గ్రాముల నగల మీద సుంకం మినహాయింపు అందరిదీ అనుకుంటారు. అది ఏడాదికి మించి విదేశంలో ఉండి వచ్చేవారిది. వారం రోజులు తిరిగొచ్చినవారికి వర్తించదు. కొన్న నగను ఒంటిమీద వేసుకున్నంత మాత్రాన పాతదైపోదు; బిల్లుతో రెడ్ ఛానల్‌కు (సుంకం కట్టాల్సిన వస్తువులున్నవారి దారికి) వెళ్లి చెప్పడమే క్షేమం. ఇంటి నుంచి బరువైన నగలు పెట్టుకుని వెళ్లేవారు, వెళ్లేటప్పుడే కస్టమ్స్‌కు చూపించి ఎగుమతి ధ్రువపత్రం తీసుకుంటే వచ్చేటప్పుడు వాదన ఉండదు. సుంకం లేకుండా తెచ్చుకోగల పరిమితిని భార్యాభర్తలు ఇద్దరిదీ కలిపి ఒకే ఖరీదైన వస్తువుకు వాడుకోవడం కూడా కుదరదు.

సూట్‌కేసు చక్రం విరిగో, పక్కలు పగిలో బెల్టు మీద కనిపిస్తే ‘ఇంటికెళ్లాక చూద్దాం’ అనుకోవద్దు. హాలు దాటకముందే ఎయిర్‌లైన్ కౌంటర్‌లో రాతపూర్వకంగా నమోదు చేయించి, ఆ కాగితం నకలు తీసుకోవాలి. అంతర్జాతీయ ప్రయాణంలో పాడైన లగేజీకి రాతఫిర్యాదు గడువు ఏడు రోజులే. బోర్డింగ్ పాస్‌కు అంటించిన లగేజీ స్టిక్కర్‌ను అప్పటిదాకా పారేయకూడదు.

టూర్ నిర్వాహకులు ‘బయల్దేరుట’ అన్న ఆ ఒక్క ముక్కకు బదులు, ఏ తేదీ ఎన్నింటికి హోటల్ నుంచి కదలాలి, ఏ ఊళ్లో లగేజీ తీసుకోవాలి, ప్రతి విమానానికీ ఎన్ని కిలోలు అన్నది తెలుగులో రాసివ్వాలి. మీ సెలవుల పేజీల్లోనూ ఈ వివరాలకు ఒక కాలమ్ కేటాయించమని మనవి.

— ఒక ట్రావెల్ ఏజెంట్, విజయవాడ