లెక్క మొత్తం రాయి బిడ్డా

హనుమకొండ

బిడ్డా,

నువ్వు వృత్తిగా ఆడే పోకర్ పేకాట విద్యా, జూదమా అని నాతో వాదించనక్కర్లేదు. పదో తరగతి పిల్లలకు ఏటా సంభావ్యత పాఠం చెప్పినదాన్ని. పేకముక్కల లెక్కలు లేకుండా ఆ పాఠం నడవదు. పేక ఎన్నడూ ముట్టని పిల్లలకు ఇస్పేటు ఎలా ఉంటుందో, ఆఠీను ఎలా ఉంటుందో నల్లబల్ల మీద గీసి చూపించేదాన్ని. 52 ముక్కల్లోంచి రెండు తీస్తే రెండూ ఆసులే కావడానికి 221లో ఒక వంతు అవకాశమని నువ్వు ఇంటర్‌లో ఉన్నప్పుడు నోటిలెక్కతో చెబితే ఎంత మురిసిపోయానో! ఆ బుర్రనే పెట్టుబడిగా పెట్టుకుని ఇప్పుడు బతుకుతున్నావు. నాకు అందులో సిగ్గు ఏమీ లేదు.

మీ పెద్దమ్మకూ ఇదే చెప్పాను. ఆమెకు పేకాట అంటే మామిడితోటలో పోలీసులు పట్టుకున్నారని పేపర్లో వచ్చే వార్త. 1968లో సుప్రీంకోర్టు రమ్మీ మీద తీర్పు ఇచ్చింది మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోనే. రమ్మీలో నేర్పు ప్రధానమనీ, మూడు ముక్కలాట అలాంటిది కాదనీ అందులో ఉంది. పోకర్ మీద హైకోర్టులు తలో మాట అన్నాయి. నాకు మాత్రం నువ్వు చెప్పిన ఒక్క విషయంతో నమ్మకం కుదిరింది. బాగా ఆడేవాళ్లు తమకు వచ్చిన ముక్కల్లో ఎక్కువ భాగం ఆడకుండానే పడేస్తారన్నావు. వద్దనుకునే వీలు ఉన్నచోట బుద్ధికి పని ఉంటుంది.

అయితే ఆ లెక్కనే ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లి చూశాను. నీ చేతిలో రెండు ఆసులు, ఎదుటివాడి చేతిలో రెండు రాజులు ఉన్నాయనుకో. ఉన్నదంతా ఒడ్డడం సరైన పనే. అయినా ఆ తర్వాత బల్ల మీద పరిచే ఉమ్మడి ముక్కల వల్ల నూటికి సుమారు పద్దెనిమిదిసార్లు ఓడతావు. టోర్నమెంటు ఇంకా కఠినం. నూరు మంది రుసుము కడితే డబ్బు దక్కేది పది పదిహేను మందికి, అందులోనూ పెద్ద సొమ్ము చివరి బల్ల దాకా చేరిన కొద్దిమందికే. నువ్వు అందరికన్నా మెరుగై, ఐదింట ఒకసారి డబ్బు దక్కించుకుంటావనే అనుకుందాం. అప్పటికీ వరుసగా పది టోర్నమెంట్లలో ఉత్త చేతులతో బయటికి రావడానికి నూటికి పదికి పైగా అవకాశం ఉంది, నీ ఆటలో ఏ తప్పూ లేకపోయినా. సరిగ్గా రాసిన పిల్లకు సున్నా, తప్పు రాసిన పిల్లకు నూరు పడగల పరీక్ష నీది. అలాంటి పరీక్ష ఏళ్ల తరబడి రాస్తుంటే తాను బాగా చదువుతున్నదో లేదో ఆ పిల్లకే తెలియకుండా పోతుంది. నా భయమంతా ఇక్కడే.

గెలిచినప్పుడు వెంటనే ఫోను చేస్తావు. ఓడిన వారాల్లో "పనిలో ఉన్నానమ్మా" అని ఒక్క మెసేజీ వస్తుంది. మాకు తెలియదనుకోకు. గెలిచిన నెలల గురించే ఇంటికి చెప్పే మనిషి కొన్నాళ్లకు తనకు తానూ అవే చెప్పుకుంటుంది. పోకర్ ఆటగాళ్ల సంపాదన అంటూ చూపించే పట్టికల్లో టోర్నమెంట్లలో గెలిచిన మొత్తమే ఉంటుంది. కట్టిన రుసుములు, విమానం ఛార్జీలు, హోటల్ గదులు, ముందే డబ్బు తీసుకుని ఇతరులకు అమ్మిన గెలుపులో వాటాలు అందులోంచి తీసేయరు. నువ్వు అన్నీ తీసేసిన లెక్క రాయి. ఏ రోజు ఎన్ని గంటలు కూర్చున్నావు, ఎంత కట్టావు, ఎంత వచ్చింది, ముందురోజు ఎంత నిద్రపోయావు, ఓడిన కోపంతో ఎంతసేపు ఆడావు, అన్నీ. నెలనెలా నాకు పంపు. తిట్టడానికి అడగడం లేదు బిడ్డా. కూడికలు, తీసివేతలు చూసి నీతో నిజం చెప్పే మనిషి ఒకరు ఉండాలి.

క్రిస్ మనీమేకర్ కథ నువ్వే నాకు చెప్పావు. అకౌంటెంటుగా పనిచేసే అతను 86 డాలర్ల ఆన్‌లైన్ పోటీ గెలిచి, దాని ద్వారా 2003లో లాస్ వేగస్ ప్రపంచ పోటీకి వెళ్లి, 25 లక్షల డాలర్లు గెలుచుకున్నాడు. మంచి కథే. ఆ ప్రధాన పోటీనే 1980, 1981, 1997లో మూడుసార్లు గెలిచిన స్టూ అంగర్ గురించి కూడా చదివాను. ముక్కలతో అతను గెలిచింది పందేల్లో, మత్తుమందుల్లో కరిగిపోయింది. 1998 నవంబరులో లాస్ వేగస్‌లోని ఒక మోటల్ గదిలో 45 ఏళ్లకే చనిపోయాడు. 2018లో మన దేశపు నికితా లూథర్ ఆ ప్రపంచ పోటీల్లో విజేతకు ఇచ్చే బ్రేస్‌లెట్ గెలిచినప్పుడు ఫోనులో నువ్వు వేసిన కేక నాకింకా గుర్తుంది. నాకు మాత్రం వెనెస్సా సెల్బ్‌స్ట్ ఎక్కువ నచ్చింది. యేల్‌లో న్యాయశాస్త్రం చదివి, మూడు బ్రేస్‌లెట్లు గెలిచి, 2017 ముగిసేసరికి వృత్తిగా ఆడడం మాని పెట్టుబడుల సంస్థలో ఉద్యోగానికి వెళ్లిపోయింది. చేతకాక వెళ్లలేదు.

నర్సంపేట మామయ్య సంగతి. కోల్డ్ స్టోరేజీలో దాచిన మిర్చిని ఈమధ్యే ఎనుమాముల మార్కెట్లో అమ్మాడు. ఆ డబ్బుతో నీ ఆటలో వాటా కొంటానంటున్నాడు. తీసుకోవద్దు. మీవాళ్లలో వాటాలు అమ్ముకోవడం మామూలేనని, ముందరి నష్టం పూడేదాకా గెలుపు పెట్టుబడి పెట్టినవాళ్లకే పోయే ఒప్పందాలు కూడా ఉంటాయని చెప్పావు. వాళ్లకు ఆట తెలుసు, పది ఖాళీ టోర్నమెంట్లను తట్టుకుంటారు. మామయ్యకు తెలిసింది నువ్వు మాత్రమే. మీ పెద్దమ్మ ధర్మరాజు పేరు ఎత్తినప్పుడల్లా నాకు ఆయన తమ్ముళ్లను ఒడ్డిన ఘట్టమే గుర్తొస్తుంది.

ఎదుటివాళ్ల గురించి కూడా ఒక మాట. క్యాసినో బల్ల మీది సొమ్ములోంచి తన వాటా తీసుకుని పక్కకు జరుగుతుంది. నీకు వచ్చేది ఎదురుగా కూర్చున్న మనిషి డబ్బు. సరదాకు వచ్చినవాడిదైతే సరే. పోయినచోటే వెతుక్కోవాలని తాగి కూర్చున్నవాడిదైతే లేచి వచ్చెయ్. అలాంటివాళ్ల వల్లే మీ వృత్తి నడుస్తుందని అంటావు. అయినా నా మాట ఇదే.

బతుకమ్మకు వచ్చినప్పుడు ఇంట్లో డబ్బు ఆట ఏదీ వద్దు. మన రాష్ట్రం 2017లోనే ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధించి, నేర్పు ఆటలన్న మినహాయింపునూ తీసేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అలాంటి చట్టమే చేసింది. దసరా రాత్రి మీ బావలు పందెం అంటే, ఉత్తగా ఆడదామని చెప్పు. పన్ను గురించి మంచి ఆడిటర్‌ను కలువు. పేకాట గెలుపు మీద 30 శాతం పడుతుంది, ఖర్చులు చూపించి తగ్గించుకోనివ్వరు. పది రుసుములు కట్టి ఒక్కదాంట్లో గెలిచిన మనిషికి ఇది ఎంత భారమో నువ్వే లెక్క వేసుకో.

ఇంట్లో కూర్చుని ఆడే వీలు పోయి గోవాలోని పణజిలో, మాండవి నది మీది క్యాసినో ఓడల్లో ఆడాల్సి వచ్చాక గది అద్దె, తిండి ఖర్చు పెరిగే ఉంటాయి. ఒక ఏడాది ఇంటి ఖర్చు ఆట డబ్బుతో కలపకుండా వేరే ఖాతాలో ఉంచావా అని పోయినసారి అడిగాను. నువ్వు మాట మార్చావు. దానికి జవాబు రాయి.

మీ అమ్మ